గంటల మీటరు, ఎంబీల మీటరు: డయలప్, బ్రాడ్‌బ్యాండ్ ఖర్చుల అసలు లెక్క

ఇరవై ఏళ్ల కిందట మన ఊళ్లలో డయలప్, అంటే ఫోను లైను మీద నంబరు తిప్పి కలుపుకునే ఇంటర్నెట్, ఖర్చు రెండు చోట్ల కనిపించేది. ఒకటి, కంప్యూటర్ షాపులో కొనుక్కున్న గంటల ప్యాకు. రెండోది, రెండు నెలలకోసారి ఇంటికొచ్చే టెలిఫోన్ బిల్లు. ప్యాకుకు చేత్తో డబ్బిచ్చాం కాబట్టి అది గుర్తుండేది. ఫోను బిల్లులో నెట్ వాటా ఎంతో మాత్రం కాగితం చేతికొచ్చాక గానీ తెలిసేది కాదు. ఇంట్లో గొడవ కూడా అప్పుడే మొదలయ్యేది. 'డయలప్ చవక, బ్రాడ్‌బ్యాండ్ డబ్బున్నవాళ్లకి' అన్న మాట చాలాకాలం నిలబడిందంటే, డయలప్ ఖర్చు ఇలా రెండు ముక్కలై ఉండటమే దానికి పెద్ద కారణం.

ఇంకో చిక్కు కూడా ఉంది. డయలప్‌లో మనం కొన్నది సమయం. తొలినాళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో కొన్నది డేటా. ఇప్పటి ఫైబర్‌లో కొంటున్నది వేగం. బట్టను మూరల్లో, బియ్యాన్ని శేర్లలో కొన్నప్పుడు ధర చీటీలు పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పలేం. ముందు రెండింటినీ ఒకే కొలతలోకి దించాలి. ఆ పని కాగితం మీద చేస్తే, బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఖర్చు తగ్గిందని అందరూ అనుకునే కథ అంత తిన్నగా సాగదు. మధ్యలో కొన్నేళ్లు, కొన్ని ఇళ్లలో, గంటకయ్యే ఖర్చు డయలప్ కంటే ఇరవై రెట్లు పెరగడానికి వీలుండేది.

మూడు నిమిషాలకో పల్సు

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న తెరిచింది. బొమ్మలతో పేజీలు చూడగలిగే టీసీపీ-ఐపీ అకౌంటు అప్పట్లో ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకు 500 రూపాయల షెల్ అకౌంటు ఉండేది గానీ అందులో తెర మీద అక్షరాలే తప్ప బొమ్మ రాదు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తీశాక ప్యాకుల ధరలు ఏడాది తిరక్కుండానే దిగొచ్చాయి. 100 గంటలు, 500 గంటలు అంటూ డబ్బాల్లో సీడీతో సహా అమ్మేవారు. ప్రకటనలన్నీ ఈ ధర చుట్టూనే తిరిగేవి. అసలు ఖర్చు అక్కడ లేదు.

అది ఫోను లైనులో ఉంది. 1999లో లోకల్ కాల్ పల్సును 5 నిమిషాల నుంచి 3 నిమిషాలకు కుదించారు. అంటే ప్రతి 3 నిమిషాలకు ఎక్స్ఛేంజీ మీటరు మీద ఒక కాల్ పడుతుంది. కాల్‌కు 1 రూపాయి 20 పైసల చొప్పున వేసుకుంటే గంటకు 20 కాల్స్, అంటే 24 రూపాయలు. ప్యాకు ఖర్చు గంటకు 10 రూపాయలు అనుకుందాం. మొత్తం 34. ఇందులో మూడింట రెండొంతులకు పైగా ఫోనుదే! ప్యాకు ఉచితంగా ఇచ్చినా గంటకు 24 తప్పదన్నమాట. 'ఫ్రీ ఇంటర్నెట్' అంటూ వచ్చిన పథకాల గుట్టు ఇదే.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ చాలాచోట్ల లోకల్ కాల్ ఎంతసేపు మాట్లాడినా నెలవారీ అద్దెలోనే కలిసిపోయేది. 1996 డిసెంబరులో ఏఓఎల్ గంటల లెక్క ఎత్తేసి నెలకు 19.95 డాలర్ల ఒకే ధర పెట్టగానే జనం లైను వదలడం మానేశారు, ఏఓఎల్ నంబర్లన్నీ ఎంగేజ్ అయిపోయాయి. మనకు ఆ సమస్య రాలేదు. మన మీటరు రానివ్వలేదు. అమీర్‌పేటలోనూ బెంజ్ సర్కిల్ దగ్గరా సందుకో నెట్ సెంటర్ వెలిసిందంటే అందులో ఈ మీటరు వాటా పెద్దదే. ఇంట్లో గంటకు 34 అయ్యేచోట, ఒక లైనును పది కంప్యూటర్లకు పంచి తక్కువకు ఇవ్వడం వాళ్లకు గిట్టుబాటయ్యేది.

పల్సు లెక్కలో కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. అవతలి మోడెం (కంప్యూటర్ సమాచారాన్ని ఫోను లైను మీద శబ్దంగా పంపే పెట్టె) ఎత్తిన క్షణంలోనే మొదటి కాల్ పడిపోతుంది. ఆ తర్వాత మోడెంలు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు. చివర్లో పాస్‌వర్డ్ తప్పని 691 ఎర్రర్ వచ్చినా 1.20 పోయినట్టే. గంటలో పదిసార్లు లైను తెగి మళ్లీ కలిపితే పది కొత్త పల్సులు, అంటే ఇంకో 12 రూపాయల దాకా. లైను ఎంగేజ్ వస్తే మాత్రం (676 ఎర్రర్) పైసా పడదు, ఎందుకంటే అవతల ఎవరూ ఎత్తలేదు. 'నెట్ కలవలేదు, బిల్లెందుకొచ్చింది' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఊరు చిన్నదైతే దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది. తమ ఊళ్లో సర్వీసు నంబరు లేనివాళ్లు పక్క నగరానికి ఎస్టీడీ చేయాల్సి వచ్చేది. 172తో మొదలయ్యే నంబర్లు వచ్చి, వాటిని లోకల్ కాల్‌గా లెక్కకట్టాకే చిన్న పట్టణాల్లో ఇంటి నెట్ అన్న మాటకు అర్థం వచ్చింది.

56 ఎందుకు, 64 ఎందుకు కాదు

డయలప్ వేగం 56 కేబీపీఎస్ (సెకనుకు 56 వేల బిట్లు) దగ్గరే ఆగిపోవడం కంపెనీల అలసత్వం కాదు. ఎక్స్ఛేంజీ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తుంది. గుణిస్తే 64,000 బిట్లు. ఒక ఫోను లైనుకు ఎక్స్ఛేంజీ ఇచ్చే మొత్తం చోటు అంతే. అందులో ఒక్కో కొలత నుంచి ఒక బిట్‌ను నమ్మలేక వదిలేస్తే 56,000. అది కూడా అటు నుంచి ఇటు వచ్చేటప్పుడే. మన వైపు నుంచి వెళ్లేది 33.6 కేబీపీఎస్‌కు మించదు (వీ.90 ప్రమాణంలో). లైను మధ్యలో సంకేతం ఒకటికి రెండుసార్లు అనలాగ్‌గా మారిందంటే, ఉదాహరణకు ఆఫీసు ఈపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే సొంత చిన్న ఎక్స్ఛేంజీ) గుండా వెళితే, దిగువకు వచ్చేది కూడా 33.6కే పరిమితం. పెట్టె మీద 56కే అని రాసి ఉన్న మోడెం 31,200 దగ్గరే కలిసేదంటే తప్పు మోడెంది కాదు.

తెర మూలన 45,333 అనో 49,333 అనో కనబడితే లైను బాగున్నట్టు. ఆ అంకె బిట్లలో ఉంటుంది. 8తో భాగించి, ప్యాకెట్ల పైఖర్చు తీసేస్తే చేతికి సెకనుకు నాలుగున్నర కిలోబైట్లు. గంటపాటు ఏకధాటిగా లాగితే దాదాపు 16 ఎంబీ. 34 రూపాయలకు 16 ఎంబీ అంటే ఎంబీకి 2 రూపాయల పైమాటే. 5 ఎంబీ పాటకు 19 నిమిషాలు. ఒక లినక్స్ సీడీ, 650 ఎంబీ, దించాలంటే 41 గంటలు, 1,380 రూపాయలు. నూరు రూపాయల కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చే సీడీ కోసం జనం పత్రిక కొన్నారంటే ఆశ్చర్యం లేదు.

నిజానికి ఎవరూ గంటంతా ఏకధాటిగా లాగరు. పేజీ తెరిచి చదువుతుంటారు. చదువుతున్నంతసేపూ లైను ఖాళీగా ఉంటుంది, మీటరు మాత్రం ఖాళీగా ఉండదు. అందుకే తెలిసినవాళ్లు చదవాల్సిన పేజీలన్నీ వరుసగా తెరిచి, లైను కట్ చేసి, ఆఫ్‌లైన్‌లో చదువుకునేవారు. మెయిల్ ముందే రాసి పెట్టుకుని, కలిసిన రెండు నిమిషాల్లో పంపి దించుకునేవారు. సమయం అమ్మే సరుకైనప్పుడు పొదుపు అలాగే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం డయలప్ అప్పటికే మహా చవక. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి ఐఎస్‌డీ నిమిషానికి పదుల రూపాయలున్న రోజులవి. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటం మన దేశంలో చట్టబద్ధమైంది. మాట పోవడానికి 10–15 కేబీపీఎస్ చాలు, డయలప్ దానికి సరిపోతుంది. గొంతు కాస్త బావిలోంచి వచ్చినట్టుండేది, మన మాట అవతలికి చేరి జవాబు తిరిగి రావడానికి అర సెకను పట్టేది. అయితేనేం, గంటకు 34 రూపాయలు. గుంటూరులోనూ ఖమ్మంలోనూ చాలా ఇళ్లకు మోడెం వచ్చింది ఈ పని కోసమే.

డయలప్‌లో ఏం చెడేది, ఎందుకు

మోడెం అడిగే మొదటి ప్రశ్న 'డయల్ టోన్ ఉందా?' అన్నది. లేదనుకుంటే 680 ఎర్రర్. ఫోను ఎత్తి వింటే టోన్ బాగానే వినిపిస్తుంటుంది. ఎక్స్ఛేంజీ టోన్ మోడెం తయారీదారు అనుకున్న తీరులో లేకపోతే అది గుర్తుపట్టదు. మందు చాలా చిన్నది. మోడెం అదనపు కమాండ్ల గడిలో 'ఏటీ ఎక్స్ 3' అని రాస్తే టోన్ కోసం ఆగకుండా నంబరు తిప్పేస్తుంది. ఈపీబీఎక్స్ నుంచి బయటి లైను పట్టాలంటే 0 తర్వాత ఒక కామా. ఆ కామా రెండు సెకన్ల విరామం.

నడుస్తున్న లైను ఉన్నట్టుండి తెగిపోవడానికి మొదట అనుమానించాల్సింది కాల్ వెయిటింగ్‌ను. బయటి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే లోపల వచ్చే 'బీప్' మనిషి చెవికి చిన్న శబ్దం. మోడెంకు మాత్రం అది సంభాషణ మధ్యలో ఎవరో అరిచినట్టు. రెండోది పారలల్ ఫోను. పక్క గదిలో రిసీవర్ ఎత్తితే చాలు, 600 రూపాయల లైను ఖర్చుతో దించుకుంటున్న సాఫ్ట్‌వేర్ 94 శాతం దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఆగిన ఫైలును అక్కడి నుంచే కొనసాగించే డౌన్‌లోడ్ మేనేజర్లు అంత ప్రాణంగా అనిపించింది అందుకే.

ఇక డయలర్ల మోసం. కొన్ని సైట్ల నుంచి చొరబడే చిన్న ప్రోగ్రాము, మోడెంను నిశ్శబ్దంగా కట్ చేసి ఏదో ద్వీప దేశపు నంబరుకు ఐఎస్‌డీ తిప్పేది. స్పీకరు ఆపేసి ఉంటే వినపడదు. బిల్లు వేలల్లో. ఫోనుకు ఎస్టీడీ, ఐఎస్‌డీ లాక్ వేసుకోవడం ఒక్కటే గట్టి కాపలా. బ్రాడ్‌బ్యాండ్‌లో ఈ మోసం దానంతటదే పోయింది. డయల్ చేయడమే లేనప్పుడు డయలర్ ఏం చేస్తుంది?

అదే రాగి తీగ, వేరే అంతస్తు

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్, ఆపైన ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. (2013లో 512కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు ఆ గీత జరిగింది.) 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ ఏడీఎస్ఎల్ (ఫోను తీగ మీదే నడిచే బ్రాడ్‌బ్యాండ్) మొదలుపెట్టాయి. కొత్త తీగ వేయలేదు. గొంతు 4 కిలోహెర్ట్జ్ లోపే సర్దుకుంటుంది. రాగి తీగ అంతకంటే ఎంతో ఎత్తు దాకా మోయగలదు. 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ వరకు మనం పంపేది, 138 నుంచి 1,104 వరకు మనకు వచ్చేది. ఒకే ఇంటికి కింద ఫోను, పై రెండు అంతస్తుల్లో నెట్ అద్దెకున్నట్టు. అందుకే ఫోను ఎంగేజ్ కాదు, డయల్ చేయక్కర్లేదు, పల్సు పడదు.

లెక్కకు ఒక నమూనా ప్లాను తీసుకుందాం: నెలకు 500 రూపాయలు, 256 కేబీపీఎస్, 1 జీబీ, ఆపైన ఎంబీకి 90 పైసలు. ప్లాన్లు తరచూ మారాయి, కానీ ఆ కాలపు అచ్చు ఇదే. డయలప్ గంటకు 34 అయితే 500 రూపాయలకు వచ్చేది 14 గంటల 40 నిమిషాలు, అంటే రోజుకు దాదాపు అరగంట. రోజుకు అరగంటకు మించి వాడే ఇంటికి బ్రాడ్‌బ్యాండే లాభం. పది నిమిషాలు మెయిల్ చూసుకుని లేచే ఇంటికి డయలప్పే చవక. అంతవరకు తగువు లేదు. తగువు 1 జీబీ దాటాక మొదలవుతుంది.

256 కేబీపీఎస్ అంటే సెకనుకు 28 కిలోబైట్లు చేతికొస్తాయి. 1 జీబీ అయిపోవడానికి ఏకధాటిగా 10 గంటల 24 నిమిషాలు. దాటాక గంటకు 98 ఎంబీ, 88 రూపాయలు. డయలప్ గంట ఖర్చుకు రెండున్నర రెట్లు. 2007 జనవరి నుంచి వేగం 2 ఎంబీపీఎస్‌కు పెంచారు, చాలా ప్లాన్లలో ధర అదే ఉంచి. అందరూ సంతోషించారు. ఇప్పుడు సెకనుకు 240 కిలోబైట్లు. అదే 1 జీబీ 73 నిమిషాల్లో ఖాళీ. దాటాక గంటకు 843 ఎంబీ, అంటే 759 రూపాయలు!

గంటకు 34 నుంచి 759. వేగం ఎనిమిది రెట్లు పెరిగితే మీటరు తిరిగే వేగం కూడా ఎనిమిది రెట్లు పెరిగింది, నీళ్ల ట్యాంకు మాత్రం అంతే ఉంది. ఎంబీకి చూస్తే 90 పైసలు డయలప్‌లోని 2 రూపాయల కంటే చవకే. జేబుకు చూస్తే కాదు. ఎందుకంటే మనిషి రోజుకు ఎన్ని గంటలు కూర్చోగలడో తనకు తెలుసు, ఎన్ని ఎంబీలు లాగుతున్నాడో తెలియదు. డయలప్‌కు గోడ గడియారమే మీటరు. బ్రాడ్‌బ్యాండ్ మీటరు ఎక్కడో సర్వర్లో ఉంది.

పైగా కనెక్షన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. విండోస్ అప్‌డేట్లు, యాంటీవైరస్ ఫైళ్లు, వైరస్ పట్టిన కంప్యూటర్ తనంతట తాను పంపే మెయిళ్లు, ఇవన్నీ మనం టీ తాగుతున్నప్పుడు కూడా ఆ 1 జీబీలోంచే. మోడెంతో ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన ఇళ్లలో, వైఫైకి తాళం వేయని ఇళ్లలో, పక్కవాళ్ల వాడకం కూడా ఈ బిల్లులోకే వచ్చేది. వేలల్లో బిల్లు వచ్చినప్పుడు 'మేం వాడలేదు' అన్న మాట చాలాసార్లు నిజమే. వాళ్లు వాడలేదు, వాళ్ల లైను వాడింది.

రాత్రి 2 నుంచి ఉదయం 8

దీనికి విరుగుడుగా కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్కలోకి రాదన్నారు. ఒక తరం కుర్రాళ్ల నిద్రను మార్చేసిన ఆరు గంటలవి. 256 కేబీపీఎస్‌లో ఆరు గంటలకు 590 ఎంబీ వస్తుంది. లినక్స్ సీడీకి ఇంకో 60 ఎంబీ తక్కువ! ఒక్క రాత్రిలో పూర్తి కాదు, మర్నాడు రాత్రి మిగిలింది. 2 ఎంబీపీఎస్ వచ్చాక అదే సీడీ 46 నిమిషాలు.

అనుభవం ఉన్నవాళ్లు 2:10కి మొదలుపెట్టి 7:50కి ఆపేవారు. మన గడియారమూ సర్వర్ గడియారమూ ఒకటి కావు. పైగా 2 గంటలకు ముందే మొదలైన కనెక్షన్ 2 దాటి సాగితే అంతా ఒకే సెషన్‌గా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి డౌన్‌లోడ్ మేనేజర్‌లో సమయం పెట్టడంతో సరిపెట్టకుండా, మోడెం కనెక్షన్‌ను కూడా తెంచి మళ్లీ కలిపేవారు. 8 దాటి మరో గంట మరిచి నిద్రపోతే ఏమవుతుందో పైన లెక్క చూశారు.

స్ప్లిటర్ ఎక్కడ పెట్టాలి

ఏడీఎస్ఎల్ సమస్యల్లో సగం ఫోనునూ నెట్‌నూ విడదీసే ఈ చిన్న డబ్బా దగ్గరే తేలేవి. డీపీ బాక్సు (వీధిలో లైన్లు పంచే పెట్టె) నుంచి వచ్చిన డ్రాప్ వైరు ఇంట్లో మొదట రోసెట్‌కు (ఫోను తీగ తగిలించే గోడ డబ్బాకు) వస్తుంది. అక్కడి నుంచి స్ప్లిటర్ 'లైన్' రంధ్రంలోకి. 'మోడెం' నుంచి ఏడీఎస్ఎల్ పెట్టెకు. 'ఫోన్' నుంచి ఫోనుకు, ఇంకా ఎన్ని పారలల్ ఫోన్లుంటే అన్నిటికీ. చేసే తప్పు ఏమిటంటే, పడకగది ఫోను తీగ రోసెట్ దగ్గరే చీలిపోయి ఉంటుంది, స్ప్లిటర్ హాల్లో పెడతారు. పడకగది ఫోను మోగగానే 70 వోల్టుల పైన ఉండే ఆ రింగు నేరుగా నెట్ అంతస్తు మీద పడుతుంది, డీఎస్ఎల్ దీపం ఆరుతుంది. 'ఫోనొస్తే నెట్ పోతోంది' అంటే ఇక చూడక్కర్లేదు, స్ప్లిటర్‌కు ముందు ఎక్కడో ఒక తీగ చీలింది. ఆ ఫోనుకు విడిగా ఒక మైక్రోఫిల్టర్ (ఒక్క ఫోనుకు సరిపడే చిన్న స్ప్లిటర్ లాంటిది) తగిలిస్తే సరి.

అదీ కాకపోతే మోడెం పేజీ తెరవాలి, ఎక్కువ వాటికి 192.168.1.1. రెండు అంకెలు చూడండి. లైన్ అటెన్యుయేషన్ (దారిలో సంకేతం ఎంత బలహీనపడిందో) 40 డెసిబెల్‌ల లోపుంటే నిశ్చింత, 60 దాటితే ఆశ వదులుకోవచ్చు. అది ఎక్స్ఛేంజీ దూరానికి గుర్తు. 3 కిలోమీటర్ల లోపు హాయి, 5 దాటితే అనుమానం. డయలప్ ఎనిమిది కిలోమీటర్ల అవతలి పల్లెలో కూడా నత్తనడకన నడిచేది. ఏడీఎస్ఎల్ అక్కడ మొదలే కాదు. రెండో అంకె ఎస్ఎన్ఆర్ మార్జిన్, అంటే లైనులోని రొదను తట్టుకోవడానికి మిగిలిన వెసులుబాటు. 6 కంటే తగ్గితే తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఇంట్లో ఫోన్లన్నీ పీకేసి, మోడెంను నేరుగా రోసెట్‌కు కలిపి మళ్లీ ఆ అంకె చూస్తే లోపం ఇంట్లోనా బయటా అన్నది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. లైన్‌మన్‌కు 'నెట్ రావట్లేదు' అని కాకుండా 'రోసెట్ దగ్గరే మార్జిన్ 4 ఉంది' అని చెబితే పిల్లర్ (వీధిలో తీగలు కలిసే పెట్టె) దగ్గర జాయింటు చూస్తాడు.

వానాకాలం ఇంకో వింత. జాయింటులో నీళ్లు చేరి రెండు తీగల్లో ఒకటి ఊడిపోతే ఫోను డెడ్. నెట్ మాత్రం తక్కువ వేగంతో వస్తూనే ఉంటుంది. ఎత్తైన ఫ్రీక్వెన్సీలకు చిన్న ఖాళీ దూకడం కష్టం కాదు, ఫోనుకు కావాల్సిన 48 వోల్టుల డీసీ మాత్రం దూకలేదు. ఫిర్యాదు రాయించినప్పుడు 'నెట్ వస్తోంది కదా, లైను బాగానే ఉంది' అంటే ఒప్పుకోనక్కర్లేదు.

నగరాల్లో కేబుల్ ఆపరేటర్లు వేసిన మేడల మీది లాన్ తీగల బ్రాడ్‌బ్యాండ్ మరో దారి. ధర తక్కువ, ఎంబీ మీటరు తక్కువ. కానీ ఆ తీగ 100 మీటర్లకు మించి పనిచేయదు, కాబట్టి ప్రతి రెండు మూడు అపార్టుమెంట్లకు ఒక స్విచ్. ఆ అపార్టుమెంటులో కరెంటు పోతే కింది వాళ్లందరికీ నెట్ పోతుంది. ఉరిమినప్పుడల్లా పోర్టులు కాలిపోయేవి. ఐఎస్‌డీఎన్ (ఫోను లైనునే డిజిటల్‌గా వాడుకునే పాత సేవ) గురించి ఒక్క మాట చాలు: 64 కేబీపీఎస్‌కు ఒక కాల్ ఖర్చు, 128కి రెండు కాల్స్ ఖర్చు. ఇళ్లలోకి అది రాకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు కొంటున్నది వేగం

399 రూపాయల ఫైబర్ ప్లానులో 30 ఎంబీపీఎస్, 3,300 జీబీ ఇస్తున్నారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 471. సెకనుకు 3.75 ఎంబీ చొప్పున పగలూ రాత్రీ లాగినా 3,300 జీబీ పూర్తవడానికి పది రోజుల పైన పడుతుంది. దాటితే బిల్లు పెరగదు, వేగం తగ్గుతుంది. ఇది పెద్ద మార్పు: మీటరు తప్పు చేస్తే ఇప్పుడు నష్టం జేబుకు కాదు, ఓపికకు. నెలకు 200 జీబీ వాడే ఇంటికి జీబీ 2 రూపాయల 35 పైసలు పడుతుంది. డయలప్‌లో ఎంబీకి దాదాపు అంతే అయ్యేది.

కాబట్టి ప్లాన్లు పోల్చేటప్పుడు చూడాల్సినవి మారాయి. ప్రకటనలో 399 కనిపిస్తుంది, ఇన్‌స్టలేషన్ ఖర్చు, ఆరు నెలల ముందస్తు చెల్లింపు, రూటర్ డిపాజిట్ కనిపించవు. 30కి, 100కి తేడా నలుగురు ఒకేసారి వీడియో చూసే ఇంట్లోనే తెలుస్తుంది. జీపాన్‌లో (ఇళ్లకు ఫైబరు పంచే పద్ధతి) ఒక ఫైబరు మీద 2.5 గిగాబిట్లను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. రాత్రి 9 గంటలకు నెమ్మదిస్తే, అది ఆ ఫైబరు దగ్గరో, ఆపరేటరు పైనుంచి కొన్న సామర్థ్యం దగ్గరో ఇరుకు. 100 ఎంబీపీఎస్ ప్లానుకు మారినా ఆ ఇరుకు పోదు. ముందు రూటర్‌కు తీగతో లాప్‌టాప్ కలిపి కొలవండి. తీగతో 30 వచ్చి వైఫైలో 8 వస్తుంటే ప్లాను మార్చడం డబ్బు దండగ, రూటర్‌ను అల్మారాలోంచి బయటకు తీయండి.

ఒక్క సౌకర్యం మాత్రం తిరిగి రాలేదు. రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. మన ఊళ్లో కోత ఉన్నా ఫోను మోగేది, లాప్‌టాప్‌లో మోడెం ఉంటే డయలప్ కూడా నడిచేది. గాజు తీగ కరెంటు మోయదు. ఇంట్లోని ఫైబరు పెట్టెకు 12 వోల్టులు మన గోడ నుంచే రావాలి. అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూసి అంతకు తగ్గని చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకుంటే రెండు మూడు గంటలు లాగుతుంది. అప్పటికీ పోతే ఆపరేటర్ వీధి పెట్టెలోని బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తరహాలో కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబరైతే గాలివానకు స్తంభంతో పాటు అదీ పడుతుంది. పెట్టె మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే వెలుతురే రావడం లేదని అర్థం, రూటర్ ఆపి వేసి లాభం లేదు. పచ్చగానే ఉండి తెగుతూ ఉంటే పెట్టె పేజీలో ఆప్టికల్ పవర్ చూడండి. మైనస్ 27 డీబీఎం కంటే కిందికి జారిందంటే ఎక్కడో తీగ మరీ మడతపడి ఉంటుంది, చాలాసార్లు తలుపు వెనకాలే.